సున్నా సూపియ్యి

ఎనుమాముల యార్డుల
ఇరువై రెండేండ్ల సంది కాంటా పెడుతున్న.
ఏ రైతొచ్చినా బస్తా ఎత్తకముందే
"దడ్వాయీ, ఒక్కపారి సున్నా సూపియ్యి" అంటడు.
మొదట్ల రోషమొచ్చేది.
మా నాయిన కాలంల త్రాసు ముల్లును గూడ
గిట్లనే వంగి సూసేటోళ్లు,
ఊపిరి తాకితే కదుల్తదేమోనని ఊపిరి బిగవట్టి.

ఇప్పుడు నా ఎడమ జబ్బ మీద
రూపాయి బిళ్లంత కాంటా ఒకటుంది.
దానికీ ఓ ముల్లుంది, తోలు కింద, వెంట్రుకంత.
బిడ్డ రవళిక అతికిచ్చి ఫోనుకు జతజేసింది,
"ఇగ వేలు పొడుసుకునుడు బంద్" అన్నది.
పద్నాలుగు రోజులని డబ్బ మీద రాసుంది.
మొదటిది తొమ్మిదో నాడే సచ్చింది.
రెండోది చెమటకు అంచు లేసి
మొగిలి మోసే బస్తాకు తట్టి
తేజ మిరప రాశిల పడ్డది.
ఎర్రటి కాయలల్ల తెల్లటి బిళ్ల.
తాలుకాయ ఏరినట్టు ఏరి ఇచ్చిండ్రు హమాలీలు,
దగ్గుకుంట ఒకటే నవ్వుడు.

రాత్రి రెండింటికి ఫోను మొత్తుకుంటది.
యాభై నాలుగు. బాణం కిందికి.
సాంబలక్ష్మి లైటేసి, నన్ను కూసోవెట్టి
నోట్ల బెల్లం కుక్కుతది.
పొద్దుగాల రెండొందల డెబ్బై.
మూడో రాత్రి ఆమెకే అనుమానమొచ్చి
బెల్లం పక్కకు వెట్టి నా వేలు పొడిసింది:
నూట ముప్పై ఒకటి.
"ఎడమ పక్కకు పంటున్నవు,
నీ కింద నలిగి గది బెదురుతున్నది."
బస్తా కింద ఎవ్వలూ కాలు వెట్టకుండ
దినమంత కావలి గాసేటోన్ని,
నిద్రల నా కాంటా మీద నేనే పడ్డ.

కంపెనీకి ఫోన్ జేస్తే
"ఇరువై శాతం దాక తేడా మామూలే సార్" అన్నడు పిలగాడు,
మర్యాదగనే అన్నడు.
నేను ఇరువై శాతం తేడా తూకితే
సాయంత్రం దాక నా లైసెన్సుంటదా?

ఒక్కటి మాత్రం చెప్పాలె, సిగ్గయినా.
మార్చి మొదట్ల, పగటీలి, రేకుల కింద.
మొకం మీద సల్లటి చెమట.
పెన్ను ఎవరిదో అన్నట్టుంది చేతిల.
ఫోను సూసిన: నూట పన్నెండు, బాణం అడ్డం.
మంచిగనే ఉన్న గదా అనుకున్న.
ఒళ్లు మొత్తుకునేది ఇనలే, అంకె చెప్పింది ఇన్న.
నలభై ఆరుల ఆరు మింగి
నలభై రాసిన.

రేగొండ ఓదెలు బస్తా అది.
దుమ్ముకు తరుగు, తేమకు తరుగు
అన్నీ ఎరిగినోడు.
చిట్టీ సూసిండు. నా మొకం సూసిండు.
కొట్లాడుతడనుకున్న.
"కూసో" అని, ఉరికి,
చాయ్ బండి కాడి సక్కెర డబ్బనే ఎత్తుకొచ్చిండు.
నా అరిచేతుల పోసిండు, కొలత లేకుండ.

పావుగంటకు నేను లేసి నిలవడ్డంక
మోగింది ఫోను: యాభై ఎనిమిది.

పారేసిన్నా? పారెయ్యలే.
రెండు రాత్రులు నిజంగనే లేపింది,
ఆ రెండూ ఏవో ముందుగాల తెల్వది గదా.
అందుకే తెల్లారంగ కాంటా మీద
ఇరువై కిలోల బాటు వెట్టి సూసినట్టు
ముందు వేలు పొడుస్త,
పాత నోటుబుక్కుల రెండు వరుసలు గీసుకున్న:
ఒకటి నెత్తురు చెప్పేది, ఒకటి బిళ్ల చెప్పేది.
కొన్ని దినాలు అన్నదమ్ములోలె ఉంటయి,
కొన్ని దినాలు పాలోళ్లోలె.
సున్నా సూపియ్యి అంటే మాత్రం
ఒంటికి సున్నా ఏడుంటది?
అది కనవడ్ననాడు సూసెటందుకు నేనుండ.

నిన్న ఓదెలు మల్లొచ్చిండు, పదకొండు బస్తాలు.
సున్నా అడగలే.
"తిన్నవా?" అన్నడు.
తిన్ననన్న.
అయినా కాంటా మొకం
ఆయన దిక్కు తిప్పి వెట్టిన.